ఎండబండ పిలిచింది

ఈగలకోన బండకు వేలాడుతున్న తేనెపట్లన్నీ నిండుగానే ఉన్నాయి, కానీ వాటిలో ఒక్కదాని మీద కూడా ఈగ లేదు.

పెద్ద తేనెటీగల పట్టు దూరానికి పసుపుగా కనిపించదు, నల్లగా కనిపిస్తుంది. వేల ఈగలు దాన్ని పైనుంచి కిందిదాకా కప్పుకుని ఉంటాయి. గద్ద నీడ పడితే చాలు, ఆ నలుపంతా ఒక్కసారిగా అలలా కదులుతుంది. ఆ ఉదయం మాత్రం బండంతా చర్మం ఒలిచినట్టు పచ్చగా బయటపడి ఉంది. రొద లేదు. ఈ కాలంలో కోన అంచున నిలబడి పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. ఇవాళ సగం బండ దిగి వేలాడుతున్న గురవయ్య తనలో తాను గొణుక్కున్న మాట కూడా పైకి వినిపించింది.

"పిల్లపురుగులు బతికే ఉన్నయ్. తల్లులు లెవ్వు."

పైన చెట్టు మొదలుకు ఒక చుట్టు వేసిన తాడును భుజం మీదుగా లాక్కుని ఈరన్న పట్టుకున్నాడు. ఈరన్న గురవయ్యకు బామ్మర్ది. వాళ్లిద్దరికీ ఎడంగా, పచ్చి ఆకుల పొగకట్ట చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు బయ్యన్న. గురవయ్యకు సొంత అన్న.

"పొగ పెట్టాల్నా?" అన్నాడు బయ్యన్న, ఏదో ఒకటి అనాలని.

"ఎవలికి పెడ్తవ్ పెద్దబావా, రాళ్లకా?" అన్నాడు ఈరన్న. ఆ మాటకు అతనికే నవ్వు రాలేదు.

బయ్యన్న పొగకట్టను నేలకు రాసి ఆర్పేశాడు. ఆ ముగ్గురిలో బండ వైపు చూడటం మొదట మానేసినవాడు అతనే.

వాళ్ల పెంటలో, అంటే ఆ అడవి గూడెంలో, ఒక కట్టుబాటు ఉంది. తేనె బండ దిగేవాడి తాడు వాడి భార్య తోడబుట్టినవాడే పట్టాలి. బామ్మర్ది తాడు వదిలితే బొట్టు పోయేది వాడి అక్కకో చెల్లెలికో కాబట్టి చచ్చినా వదలడు. అన్నదమ్ముడు మాత్రం పట్టకూడదు. ఎందుకు పట్టకూడదో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా. తోడబుట్టినవాడికే ఓర్వలేనితనం ఎక్కువని పెంటలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు.

బయ్యన్న భార్య చిట్టెమ్మకు అన్నలు లేరు, తమ్ముళ్లు లేరు. అందువల్ల బయ్యన్న తాడు పట్టేవాడు లేడు, అతను బండ దిగలేదు. తమ్ముడి తాడు అతను పట్టరాదు. అంటే తాడుకు ఈ కొసా అతనిది కాదు, ఆ కొసా అతనిది కాదు. ఆ కోన మొత్తంలో అందరికన్నా గొప్పగా బండ దిగినవాడని పేరున్న చిగుర్ల లింగన్నకు పెద్దకొడుకై పుట్టి, ఇన్నేళ్లుగా బయ్యన్న పెట్టింది పొగ మాత్రమే.

"లాగు బామ్మర్దీ, పైకొస్త," అని కింది నుంచి కేక. ఈరన్న భుజం వంచి లాగాడు. పైకి వచ్చిన గురవయ్య ముఖంలో నెత్తురు లేదు.

"సచ్చి పడలే అన్నా. కింద ఒక్క రెక్క గూడ లేదు. లేచి పోయినయ్. పిల్లల్ని ఇడిసిపెట్టి, తేనె ఇడిసిపెట్టి, అన్నీ ఒక్కసారి." అతను అన్న కళ్లలోకి చూశాడు. "ఎవలో పిలిస్తెనే గిట్ల పోతయ్."

* * *

పిలవడమంటే ఏమిటో పెంటలో మొదట తెలుసుకున్నది చిట్టెమ్మ.

నాలుగేళ్ల కింద గురవయ్య పట్నంలో చదువు ముగించి, అడవి అంచున పెట్టిన పరిశోధన కేంద్రంలో చేరాడు. అప్పటికి అడవికి లెక్క తప్పింది. ఎండలు ముందుకు జరిగాయి. ఉసిరి, నేరేడు, కరక చెట్లు నెల ముందే పూసి, ఎదురుచూసి, రాల్చేసేవి. ఈగలు మాత్రం తాతల నాటి తారీఖుకే వచ్చేవి. వచ్చేసరికి కొమ్మల మీద ఏమీ ఉండేది కాదు. పూత మీద ఈగ వాలకపోతే కాయ లేదు. కాయ లేక చిలకలు దిక్కులు పట్టాయి, జింకలు లోయలు మారాయి. నేరేడు పళ్లు దొరకని ఎలుగుబంటి ఒకటి ఏకంగా చిట్టెమ్మ వంటగుడిసెలో దూరి కుండలన్నీ దొర్లించి పోయింది.

అప్పుడు గురవయ్య కనిపెట్టిందే ఆ మందు. ఒకరోజు వదినె అంబలికుండ మీద కప్పిన గుడ్డకు దాన్ని ఒక్క చుక్క రాశాడు. కాసేపటికి ఒక ఈగ వచ్చి గుడ్డ చుట్టూ తిరిగి పోయింది. తర్వాత పది. తర్వాత ఒక గుంపుకు గుంపే వచ్చి అంబలికుండను ఇల్లు చేసుకుంది. చిట్టెమ్మ తెడ్డు పట్టుకుని మరిదిని పెంటంతా తరిమింది.

"కొట్టకే వదినె, చెప్త! ఈగలు ఇల్లు మారాలంటే ముందుగాల కొన్ని పోయి జాగ సూస్తయ్. నచ్చితే ఆడ వాసన పెట్టొస్తయ్. ఎక్కువ ఈగల వాసన ఏడుంటే గుంపంతా ఆడికే. నా చుక్క ఒక ఈగ మాట లెక్క. ఇగో, ఈ జాగ బాగుంది, రాండ్రి అన్నట్టు."

"నా కుండ బాగుందని నిన్ను ఎవల్రా చెప్పుమన్నది?" అని చిట్టెమ్మ ఇంకో దెబ్బ వేసింది.

ఆ మందును బాగా పలుచన చేసి, పూత విచ్చే ముందు ఈగలకోన నీడబండకు రాస్తే, దూరాన పోతున్న గుంపులు ముందుగానే వచ్చి వాలాయి. వరసగా మూడు వసంతాలు ఉసిరి కొమ్మలు కాయతో వంగాయి. ఎలుగుబంటి మళ్లీ గుడిసె వైపు రాలేదు. పత్రికలవాళ్లు వచ్చారు. కేంద్రం గోడ మీద పెద్ద ఫొటో వేలాడింది. తాడు మీద గురవయ్య, తాడు పట్టుకుని ఈరన్న, వాళ్ల వెనక తెల్లటి పొగ.

"ఆ పొగ నాదే," అని ఒకసారి బయ్యన్న వచ్చినవాళ్లకు చూపించాడు. వాళ్లు అది హాస్యమనుకుని నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలాకాలం అతని నోట్లో చేదుగా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ఫొటో కిందే, కేంద్రం పెద్ద డాక్టర్ నస్రీన్ ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి ఉంది. ముగ్గురు మగవాళ్లూ ఎదురుగా ఉన్నారు.

"అసలు మందు రెండు సీసాలుండాలి. ఒకటే ఉంది," అందామె. "పలుచన చేసింది కాదు, చిక్కటిది. గురవయ్యా, అది మొత్తం ఒకేచోట పోస్తే ఏమవుతుంది?"

గురవయ్య ఫ్రిజ్‌లో మిగిలిన సీసా వైపు చూశాడు. "ఒక్క ఈగ మాట గాదు మేడం అప్పుడు. దేశంల ఉన్న ఈగలన్నీ ఒక్కటే మాట అన్నట్టు. గూట్ల పిల్లలున్నా సరే, ఆగవు."

"ఎక్కడ పోశారో తెలిస్తే?"

"తెలిస్తే ఆడ వాసన చంపొచ్చు. ఆ రసాయనం విరిగేది నాకెర్క. తెల్వకపోతే..." అతను ఆగాడు. "పూత ఇంకో పది రోజులుంటది. గా తర్వాత ఈగలొచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

ఆమె కాక ఈ గది తాళం కేంద్రం పనులు చూసే ఈ ముగ్గురి దగ్గరే ఉంటుంది. నస్రీన్ చూపు గురవయ్య మీద ఆగి, బయ్యన్న మీదుగా జారి, ఈరన్న మీద నిలిచింది. బయ్యన్నకు ముందు ప్రాణం లేచివచ్చింది. మరుక్షణమే ఒళ్లు మండింది. అనుమానపడటానికి కూడా తను లెక్కలోకి రాలేదు!

"పోయిన వారం మీరే కదా ఈరన్నా అన్నది," అంది నస్రీన్. "ఒక సీసా ఇస్తే కింది ఊళ్లలో పుచ్చతోటల వాళ్లు మిమ్మల్ని అల్లుడిలా చూసుకుంటారని?"

ఈరన్న నోరు తెరుచుకుపోయింది. "నవ్వులాటకు అన్న మాట మేడం! అందరు నవ్విన్రు గదా, మీరు గూడ నవ్విన్రు!"

"తోటల్లో అంతా పురుగుమందు. ఈగలు అటు పోయి ఉంటే ఇప్పటికి ఒక్కటి కూడా మిగిలి ఉండదు."

"బామ్మర్దీ," అన్నాడు గురవయ్య నేల చూపులతో, "ఉన్నదున్నట్టు చెప్పు. ఏమనను."

ఈరన్న తన అరచేతులు రెండూ బావ ముఖం ముందు పెట్టాడు. తాడు ఒరిపిడికి కాయలు కాసి, గట్టిపడి, బండలాగే ఉన్నాయి అవి.

"నీ తాడు పట్టిన చేతులు బావా ఇవి. వీటినా అడుగుతున్నవ్?"

గురవయ్య ఆ చేతుల మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. విచారణ తేలేదాకా ఈరన్న అడవిలో అడుగు పెట్టకూడదని నస్రీన్ చెప్పింది. బయ్యన్న గోడ మీది ఫొటో వైపు చూస్తూ ఉండిపోయాడు. తాడు పట్టినవాడు లేకపోతే ఆ బొమ్మ ఎలా ఉంటుందా అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. అయినా అది పోలేదు.

* * *

మధ్యాహ్నం గుడిసె ముందు చిట్టెమ్మ ఉడికించిన గడ్డలు పెట్టింది. ఆకు కదలడం లేదు. ఎండ రేకు మీద పడి కళ్లలోకి కొడుతోంది.

నాగమణి, గురవయ్య పెళ్లాం, మూట చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

"అక్కా, పోయొస్త. మా అన్నను దొంగను జేసి ఎల్లగొట్టినంక నేనీడ ఏం ముఖం పెట్టుకొని ఉండాలె?"

"నీ మొగడేమన్నడు?"

"ఏమంటడు? ఉండుమనలే, పొమ్మనలే. ఈగలు పోయినయని ఏడుస్తుండు." ఆమె బయ్యన్న వైపు తిరిగింది. "బావా, నువ్వన్న చెప్పకపోతివి. మా అన్న గసొంటోడు గాదని నీకెర్క లేదా? ఒక్క మాట అనకపోతివి."

బయ్యన్న చేతిలో గడ్డను అటూ ఇటూ తిప్పాడు. "పెద్ద మేడం మాట... నేనేమంట?"

"ఔ లే. నువ్వెప్పుడేమన్నవ్," అని నాగమణి వెళ్లిపోయింది.

ఆమె పోయాక చిట్టెమ్మ అంది, "దాని అన్న పోతే నీకు కడుపుల సల్లబడ్డట్టుంది."

"ఏం కూతలవి?"

"నేనేం గుడ్డిదాన్నా? ఆ పిల్లగాడు తాడు పట్టినప్పుడల్లా నువ్వు పండ్లు కొరుకుతవ్. ఇంటికొచ్చి నా మీద ఇరుసుకపడ్తవ్. మా అమ్మ మగపిల్లగాన్ని కనలే. గది నేను జేసిన తప్పా? ఇన్నేండ్ల సంది గది సూపులతోనే అంటున్నవ్."

బయ్యన్న కసురుకోబోయాడు. అంతలో సన్నగా రొద. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక పెద్ద ఈగ, పెంట మొత్తంలో మిగిలింది అదొక్కటే అన్నట్టు, గుడిసె చూరు కింద తిరిగి తిరిగి వచ్చి బయ్యన్న భుజం మీద వాలింది. అతను విదిలించాడు. లేచింది, మళ్లీ అక్కడే వాలింది. విదిలించాడు. మళ్లీ అదే చోట, అంగీ కుట్టు మీద, తోక పైకెత్తి రెక్కలు ఆడిస్తూ కూర్చుంది.

చిట్టెమ్మ ఆ ఈగను చూసింది. మొగుణ్ని చూసింది. ఆమె కళ్ల ముందు తన అంబలికుండ మెదిలినట్టుంది. గడ్డల గిన్నె మెల్లగా కింద పెట్టింది.

"అంగీ ఇప్పు," అంది.

"ఎందుకు?"

"ఇప్పు. బూడిద నీళ్లల్ల నానబెడ్త."

ఆమె అంగీ తీసుకుని వెనక్కి పోయింది. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదని బయ్యన్నకు అనిపించింది.

* * *

ఎండబండకు పోవడానికి తాడు అక్కర్లేదు. అదే దాని గొప్ప.

కోనకు ఎదురుగా, దక్షిణానికి తిరిగిన బోడిగుట్ట అది. పక్కనుంచి మెట్లలాంటి రాళ్లు ఎక్కితే పైకప్పులాంటి చూరు కిందికి చేరుకోవచ్చు. తండ్రి కాలంలో ఈగలు అక్కడ కూడా పట్లు పెట్టేవి. ఈగలకోన బండ లోతు, ఇది అందుబాటు. తండ్రి పోయేముందు బండలు పంచాడు. బండ దిగగలిగిన చిన్నకొడుక్కి ఈగలకోన, దిగలేని పెద్దకొడుక్కి ఎండబండ. పంచిన రెండేళ్లకే ఎండలు ముదిరాయి. ఎండబండ పెనంలా కాలడం మొదలైంది. ఈగలు ఒక్కొక్క పట్టే మానేసి, చివరికి పూర్తిగా అటు రావడం మానేశాయి. గురవయ్య వాటా మాత్రం ఏటా నల్లగా నిండుతూనే ఉంది.

ఆ తర్వాత పిలుపు మందు వచ్చింది. గురవయ్య ఆ మందు రాసింది ఎక్కడ? తన బండకే.

"అన్నా, నీ బండ శానా కాల్తది. ఆడ పిలిస్తె పాపం," అన్నాడు గురవయ్య, బయ్యన్న ఒకసారి అడిగినప్పుడు. పాపమట! తన బండ వరకు వచ్చేసరికి పాపం!

సీసా తీసినప్పుడు బయ్యన్న అనుకున్నది నాలుగైదు పట్ల సంగతే. ఒక్క ఏడాది, ఒక్కసారి, తన బండ నల్లగా కనిపిస్తే చాలు. పలుచన చేయడం తెలియదు. చుక్క రాస్తే వస్తాయో రావోనని భయం. అందుకే ఒంపేశాడు. చివరి బొట్టు దాకా. చేతులకు, భుజానికి అంటుకున్నది కూడా పట్టించుకోలేదు. రెండోరోజు పొద్దున అవి వచ్చాయి. ఆకాశంలో ఒక మూల చీకటి పడినట్టు, కోన మీదుగా, ఒకదాని వెనక ఒకటి, గుంపులు. బయ్యన్న బండ కింద నిలబడి చిన్నపిల్లాడిలా చేతులు చాచాడు. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ నిమిషంలో అతను ఆలోచించలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ రాళ్లు ఎక్కుతుంటే దూరం నుంచే మైనం వాసన తగిలింది, కాగిన మైనం. చూరు కింద కొత్తగా కట్టిన పట్లన్నీ మెత్తబడి, జారి, కింద ముద్దలుగా పడి ఉన్నాయి. తేనె రాళ్ల మీద పారి నల్లగా మాడింది. ఆ మైనంలో, తేనెలో, అడుగు వేయడానికి చోటు లేకుండా ఈగలు. కొన్ని ఇంకా కాళ్లు ఆడిస్తున్నాయి. బండ మీద చెయ్యి పెట్టి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు.

అన్నిటికన్నా అతణ్ని భయపెట్టింది వేరొకటి. ఆ చావు మధ్యకు, చెట్లలో ఎక్కడో మిగిలిన ఒక చిన్న గుంపు అప్పుడే వచ్చి వాలుతోంది. కాలుతున్న రాతికి అతుక్కుంటోంది, జారుతోంది, మళ్లీ ఎగిరి అతుక్కుంటోంది. సీసా ఖాళీ. తీసేయడానికి ఏమీ మిగల్లేదు. మందు రాతిలోకి ఇంకిపోయింది. ఆకుల కొమ్మతో తుడిచాడు. మట్టి పోసి రుద్దాడు. ఈగలు ఆ మట్టి మీద కూడా వాలాయి.

అతని చెయ్యి మీద కూడా.

* * *

"మిగిలిన సీసా మొత్తం నీడబండకు పెడ్త," అన్నాడు గురవయ్య. "ఏడికి పోయినయో తెల్వదు. చెట్లల్ల అక్కడక్కడ గుంపులు మిగిలినయ్. గట్టిగ పిలిస్తె అవన్న మళ్లొస్తయ్. వేరే దారి లేదు."

కోన అంచున అన్నదమ్ములిద్దరే ఉన్నారు. నస్రీన్ కింద వాగులో నుంచి దుర్భిణితో చూస్తోంది. పొద్దున్నే ఎండ చిటపటలాడుతోంది.

"ఇంకో మందు జెయ్యరాదు?" అన్నాడు బయ్యన్న.

"జెయ్యనీకె నెలలు పడ్తది. పూత ఆగుతదా?" గురవయ్య నడుముకు తాడు కట్టుకుంటూ ఆగాడు. "తాడు చెట్టుకు కట్టి దిగుమంటది మేడం. చెట్టు ఆపుతది గని, వదులు జెయ్యదు, బిగించదు. మనిషి గావాలె."

ఆ మాట కోసం బయ్యన్న ఎన్నేళ్లు ఎదురుచూశాడో అతనికే తెలుసు.

"నువ్వు పట్టన్నా."

"పెంటల ఏమంటరో..."

"అనుకోని. ఈరన్న చెయ్యి నమ్మిన, గిట్లయింది. నీ చెయ్యి నమ్మకపోతే ఇగ ఎవలి చెయ్యి నమ్మాలె?"

తాడు భుజం మీదికి వచ్చింది. గురవయ్య అంచు దాటి దిగాడు. బరువు పడింది. ఇదా, అనుకున్నాడు బయ్యన్న. ఇన్నాళ్లూ ఈరన్న ఒక్కడే ఎరిగిన బరువు ఇదా! తమ్ముడు కాలు కదిపితే తాడు చెబుతోంది. ఊపిరి తీస్తే చెబుతోంది. కొంచెం వదిలాడు, కొంచెం బిగించాడు. చేతులు నేర్పనవసరం లేకుండా చేసుకుపోతున్నాయి. తాడు బాగా పట్టుకున్నాడు. ఈరన్న కన్నా బాగా పట్టుకున్నాడు.

వదిలితే?

ఆ ఆలోచన అతను పిలవకుండానే వచ్చింది. వదలాలని కాదు. వదిలితే ఎండబండ సంగతి ఎవరికీ తెలియదన్న లెక్క, ఎవరో పక్కన నిలబడి చెప్పినట్టు, చాలా నెమ్మదిగా వచ్చింది. కట్టుబాటు పెట్టిన ముసలివాళ్లు తనను ఎప్పుడో చూశారన్నమాట. చెట్టుకు ఇంకో చుట్టు వేసి, తాడును రెండు చేతులకూ మెలేసుకున్నాడు.

కింద గురవయ్య బండలో గూడులా ఉన్న గుంట దగ్గర ఆగాడు. సంచిలో నుంచి సీసా తీశాడు. మూత మీద చెయ్యి వేశాడు. ఆ మూత తెరుచుకుంటే చివరి మందు గాలిలో కలుస్తుంది. గుంపులు లేస్తాయి. రెండు పిలుపుల మధ్య చీలి, సగం ఎండబండ మీద కాలి చస్తాయి. మిగిలిన సగం కూడా నిలవదు. ఈ అడవికి మళ్లీ ఈగ ఉండదు.

"గురవా! మూత తియ్యకు!"

"ఏందన్నా?"

"తియ్యకు. గూట్ల కాలు పెట్టు. కుడిపక్క వేరుంది సూడు, దానికి నీ నడుం కొక్కెం తగిలియ్యి."

"ఎందుకే? తాడు మంచిగనే ఉంది గద."

"తగిలియ్యరా!"

కొక్కెం తగిలిన చప్పుడు వినిపించింది. భుజం మీది బరువు తేలికైంది. బయ్యన్న అంచు మీద బోర్లా పడుకుని కిందికి తొంగి చూశాడు. తమ్ముడి ముఖం పైకి తిరిగి ఉంది. అందులో భయం లేదు. అదే అతణ్ని కోసింది.

"ఇప్పుడు నీ బరువు నా మీద లేదు. నీ మీదనే ఉంది. గందుకే చెప్తున్న, ఇను. నడుమల మాట్లాడకు, మాట్లాడితె నాతోని గాదు. సీసా ఈరన్న తియ్యలే. నేను తీసిన. ఎండబండకు పోసిన, మొత్తం పోసిన. నీ ఈగలు ఆడికే వోయినయ్. ఆడనే కాలి సచ్చినయ్. నువ్విప్పుడు ఈడ పిలిస్తె మిగిలినయి గూడ చీలి సస్తయ్. ముందుగాల పోయి ఆ రాయి వాసన చంపు, ఎట్ల చంపాల్నో నీకెర్క. చంపినంక పిలువు. తాడు చెట్టుకు ముడేసి పోతున్న. ఈరన్నను పిలుసుకొస్త. వాడు లాగితెనే పైకి రా, నేను లాగుతనంటె రాకు. వాని కాళ్లు నేనే మొక్కుత. నాలుగు పట్లన్న నా బండ మీద ఉండాల్నని తీసిన గురవా, గంతే అనుకున్న. నీదంతా గుంజుకోవాల్నని గాదు. గని అబద్ధం ఎందుకు, గది గూడ అయినట్టుంది. నీకు ఇంకోటి చెప్పాలె. తెల్వక పోసిన అని నువ్వు నన్ను క్షమిస్తవ్, నాకెర్క, నువ్వు గసొంటోనివే. గందుకే చెప్తున్న. అవి వచ్చిన మర్నాడు గూడ నేను పోయిన. మొదటి పట్టు జారి పడుతుంటె సూసిన. అప్పుడే ఉరికొచ్చి నీకు చెప్తె శానా బతుకుతుండె. చెప్పలే. అవి కాలుతున్నయ్, రాలుతున్నయ్, అయినా నా బండ ఇడవలే. నీ బండకు మళ్లలే. అది సూసి నేను సంబురపడ్డ గురవా. పొద్దుగూకేదాక ఆడనే కూసొని సంబురపడ్డ."